గోనియోమీటర్ (కీలు ఎంత వంగిందో కొలిచే పరికరం) పట్టడం వీడియోలో నేర్పొచ్చా? ఫిజియో, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) క్లాసుల్లో ఏది ఆన్‌లైన్‌కి, ఏది ల్యాబ్‌కి

చార్మినార్_గోనియో
రెండో ఏడాది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ప్రాక్టికల్ గంటల్లో సగం ఎల్‌ఎంఎస్‌లోకి (ఆన్‌లైన్ పాఠాల సైటులోకి) మార్చమని కాలేజీ ఆర్డరు. 40 నిమిషాల డెమో వీడియోలు 22 ఎక్కించాం. అందరికీ "100 శాతం పూర్తి" అని పచ్చ టిక్కు పడింది. ల్యాబ్‌లో మోకాలి ఫ్లెక్షన్ (మడత) కొలవమంటే మాత్రం గోనియోమీటర్ కదిలే చెయ్యి తొడ మీద, కదలని చెయ్యి పిక్క మీద, మధ్య స్క్రూ ఏకంగా పటెల్లా (మోకాలి చిప్ప) మీద! వైవాలో అడిగితే "ఫల్క్రమ్ ఫీమర్ లేటరల్ ఎపికాండైల్, స్టేషనరీ ఆర్మ్ గ్రేటర్ ట్రోకాంటర్ వైపు, మూవింగ్ ఆర్మ్ లేటరల్ మాలియోలస్ వైపు" అని (అంటే మధ్య స్క్రూ మోకాలి బయటి వైపు ఎముక గుబ్బ మీద, కదలని చెయ్యి తుంటి పక్క ఎముక వైపు, కదిలేది చీలమండ బయటి గుబ్బ వైపు) గడగడా అప్పజెబుతున్నారు. నోటికొచ్చింది, చేతికి రాలేదు. ఏది ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఏది పెట్టకూడదు? ఈ-లెర్నింగ్ మంచిదా చెడ్డదా అనే డిబేట్ మాత్రం వద్దు, దానికి స్టాఫ్ మీటింగులున్నాయి.

ఎండ్‌ఫీల్
ప్రాక్టికల్ గంటలు కోయడమే తప్పు, ముందు ఆ మాట అనాలి. మాడిఫైడ్ ఆష్‌వర్త్‌లో (కండరం బిగువుని అంచనా వేసే స్కేలు) 1కీ 1+కీ తేడా వీడియోలో చూపించండి చూద్దాం. మోచేతిని ఒక సెకనులో చాపుతున్నప్పుడు ఒకచోట టక్కున పట్టి వదిలేస్తే 1. పట్టిన తర్వాత మిగిలిన దారంతా సన్నగా అడ్డు తగులుతుంటే, ఆ దారి మొత్తం రేంజిలో సగం లోపే ఉంటే, 1+. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎండ్ ఫీల్ (కీలు చివర ఆగేటప్పుడు చేతికి తెలిసేది) అంతే. మోకాలు మడిచినప్పుడు పిక్క తొడకి తగిలి ఆగే మెత్తదనం వేరు, మోచెయ్యి చాచినప్పుడు ఎముకకి ఎముక తగిలి ఆగడం వేరు. కంటికి రెండూ "ఆగింది" అంతే.

చాయ్_బిస్కట్
22 × 40 = 880 నిమిషాలు. పిల్లలు 2ఎక్స్‌లో చూస్తారు కాబట్టి 440. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రోలో నాలుగుసార్లు పోయొస్తే ఒక సబ్జెక్టు ఖతం.

మూడో_ఏడు
మేం వీడియో ఆన్ చేసి పక్కన రీల్స్ చూస్తం, అబద్ధమెందుకు. కానీ తప్పంతా మాదే కాదు సార్. చాలా డెమో వీడియోలల్ల కెమెరా రూమ్ మూలకు పెడ్తరు. సార్ వీపు కనవడ్తది, పేషెంట్ పాదాలు కనవడ్తయి, చేతులు ఎక్కడ పెట్టిన్రో కనవడదు. గ్లీనోహ్యూమరల్ గ్లైడ్ల (భుజం కీలుని చేత్తోని జరిపే పద్ధతి) స్కాపులాని (రెక్క ఎముకని) ఏ చెయ్యి ఆపుతున్నదో తెల్వకుండనే వీడియో అయిపోతది. మళ్ల చూద్దామంటే 40 నిమిషాలల్ల అది ఏడున్నదో ఎవలు వెతకాలె?

చార్మినార్_గోనియో
@మూడో_ఏడు నిజమే. మావి కూడా మూల కెమెరావే.

బోయిన్‌పల్లి_ఓటీ
మూడో_ఏడు అన్నదే అసలు పాయింటు. డెమో వీడియోకి కనీసం రెండు కోణాలు కావాలి. ఒకటి పక్క నుంచి, థెరపిస్ట్ ఎలా నిలబడ్డారో తెలియడానికి. రెండోది థెరపిస్ట్ భుజం మీదుగా, అంటే చేసేవాళ్ల కళ్లకి ఎలా కనిపిస్తుందో అలా. విద్యార్థి రేపు చూడబోయేది రెండోదే, మనం పెట్టనిది కూడా అదే. ఫోన్‌ని స్టాండుకి బిగించి తల పక్కన ఉంచితే సరిపోతుంది.

నిడివి సంగతి: ఎడ్‌ఎక్స్ కోర్సుల వీడియోల మీద 2014లో వచ్చిన విశ్లేషణలో, వీడియో ఎంత పొడవున్నా జనం సగటున ఆరు నిమిషాలకు మించి చూడట్లేదని తేలింది. మన దాంట్లో ఒక స్కిల్‌కి నాలుగు నిమిషాలు చాలు. మోకాలి ఫ్లెక్షన్ కొలవడం ఒక వీడియో, ఎక్స్‌టెన్షన్ ఇంకొకటి. "లోయర్ లింబ్ గోనియోమెట్రీ పార్ట్ 1" అని పేరు పెడితే దాన్ని ఎవరూ తెరవరు.

ఎండ్‌ఫీల్
నాలుగు నిమిషాలైనా నలభై అయినా చూడటం చూడటమే.

బోయిన్‌పల్లి_ఓటీ
@ఎండ్‌ఫీల్ కాదు మేడమ్, ఎలా చూపించారన్నదాన్ని బట్టి ఉంటుంది. పేటన్ నాలుగు మెట్లు మీకు తెలిసినవే. మొదట అసలు వేగంతో మాటల్లేకుండా. రెండోసారి ఆగి ఆగి వివరిస్తూ. మూడోసారి విద్యార్థి చెబుతుంటే టీచర్ చేయడం. నాలుగోసారి విద్యార్థి చెబుతూ తనే చేయడం. మొదటి రెండూ వీడియోకి హాయిగా పోతాయి. మూడోదానికి అదే క్లిప్‌ని మ్యూట్ చేసి పెట్టి, దానికి గొంతు ఇచ్చి వాయిస్ నోట్ పంపమనాలి. మన కాలేజీల్లో మానేసేది ఈ మూడోదాన్నే. నాలుగోది ల్యాబ్. ఇలా చేస్తే ల్యాబ్ గంట మొత్తం నాలుగో మెట్టుకే మిగులుతుంది. డెమోకి గంట పోవడం, చివరి పది నిమిషాల్లో 60 మంది ఆరు ప్లింత్‌ల (ట్రీట్‌మెంట్ బల్లల) చుట్టూ మూగడం తప్పుతుంది.

సర్వర్_మామ
పచ్చ టిక్కు గురించి. మూడిల్‌లో (ఎల్‌ఎంఎస్ సాఫ్ట్‌వేర్) మామూలు వీడియో ఫైలుకి "వ్యూ చేస్తే పూర్తి" అని పెట్టుంటారు. పేజీ తెరిస్తే చాలు, టిక్కు పడిపోతుంది. దాని బదులు హెచ్5పీ (మధ్యలో ప్రశ్నలు పెట్టగల టూలు) ఇంటరాక్టివ్ వీడియో వాడండి. ముందుకు జరపకుండా ఆపే ఆప్షన్ ఉంది. కానీ అదొక్కటే పెడితే ట్యాబ్ తెరిచి టిఫిన్‌కి పోతారు. నాలుగు నిమిషాల క్లిప్‌లో మూడు చోట్ల ఆగి ప్రశ్న అడగాలి, పూర్తయినట్టు లెక్క మార్కుల మీద కట్టాలి. ప్రశ్న కూడా "ఫల్క్రమ్ ఎక్కడ?" అని కాదు. ఆగిన బొమ్మ మీద వేలు పెట్టి చూపించమనాలి. హెచ్5పీలో హాట్‌స్పాట్ ప్రశ్నలు అందుకే ఉన్నాయి. పటెల్లా మీద నొక్కినోడికి "ఇది ముందు వైపు, మనం పక్క నుంచి కొలుస్తున్నాం" అని అక్కడికక్కడే జవాబు వస్తుంది.

కరెంటు_సారు
ఎలక్ట్రోథెరపీ వాళ్లు ఎవరూ మాట్లాడట్లేదేం? ఆన్‌లైన్‌కి అచ్చంగా సరిపోయేది మాదే. ఎస్-డీ కర్వ్ (కండరం కదలడానికి ఎంత పల్స్ వెడల్పుకి ఎంత కరెంటు కావాలో చూపే గీత) తీసుకోండి. ల్యాబ్‌లో ఒక్క మెషీన్ మీద ఒక్క కండరానికి గీసేసరికి పీరియడ్ అయిపోతుంది. అదీ అందరూ ఆరోగ్యవంతులే కాబట్టి నార్మల్ కర్వ్ ఒక్కటే చూస్తారు. డీనర్వేషన్ (నరం పోయిన కండరం) కర్వ్‌కి పేషెంట్‌ని ఎక్కణ్నుంచి తెస్తాం?

స్ప్రెడ్‌షీట్‌లో ఒక ఫార్ములా చాలు: కరెంటు = రియోబేస్ × (1 + క్రోనాక్సీ ÷ పల్స్ వెడల్పు). రియోబేస్ (పల్స్ ఎంత పొడవైనా కావాల్సిన కనీస కరెంటు) 5 మిల్లీఆంపియర్లు, క్రోనాక్సీ 0.5 మిల్లీసెకన్లు ఇవ్వండి. 100 మిల్లీసెకన్ల దగ్గర 5 చిల్లర, 10 దగ్గర 5.25, 1 దగ్గర 7.5, 0.5 దగ్గర సరిగ్గా 10, 0.1 దగ్గర 30. రియోబేస్‌కి రెట్టింపు కరెంటు పట్టే పల్స్ వెడల్పే క్రోనాక్సీ అన్న నిర్వచనం అక్కడే అంకెల్లో కనిపిస్తుంది. ఇప్పుడు క్రోనాక్సీ 20కి మార్చండి. 1 మిల్లీసెకన్ దగ్గరే 105 అయిపోతుంది, గీత కుడివైపు పైకి లేస్తుంది. అడ్డగీత తప్పకుండా లాగ్ స్కేలులో ఉండాలి. పిల్లలు అది మర్చిపోయి ఎడమ మూలలో గీతలన్నీ కుప్ప పోస్తారు.

మూడో_ఏడు
సార్, పార్షియల్ డీనర్వేషన్ల వచ్చే కింక్ ఎందుకొస్తదో పుస్తకంల బట్టీ కొట్టినం గాని అర్థం కాలే.

కరెంటు_సారు
@మూడో_ఏడు అదే షీట్‌లో రెండు కర్వులు వెయ్యి. నరం ఉన్న పోగులకి రియోబేస్ 10, క్రోనాక్సీ 0.5. నరం పోయిన పోగులకి రియోబేస్ 5, క్రోనాక్సీ 20. ప్రతి పల్స్ వెడల్పు దగ్గర రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకో, ఎందుకంటే తక్కువ కరెంటుకి స్పందించే పోగులే ముందు కదులుతాయి. 300 దగ్గర 5.3, 100 దగ్గర 6, 30 దగ్గర 8.3. ఇదంతా నరం పోయిన పోగుల కర్వు. 10కి వచ్చేసరికి 10.5, అది నరం ఉన్న వాటిది. రెండు గీతలూ 19 మిల్లీసెకన్ల దగ్గర కలుస్తాయి. కర్వు విరిగేది అక్కడే, అదే నీ కింక్. ఇప్పుడు రియోబేస్‌లు మార్చి చూడు, కింక్ ఎటు జరుగుతుందో తెలుస్తుంది.

మూడో_ఏడు
వేసిన సార్. 19 కాడనే విరిగింది. పుస్తకంల నాలుగు పేజీలున్నది ఇది.

ఎండ్‌ఫీల్
ఇది ఒప్పుకుంటాను. కానీ ఎలక్ట్రోడ్ కింద ప్యాడ్ సరిగ్గా తడవకపోతే చర్మం చురుక్కుమనడం, మోటార్ పాయింట్ (కండరం సులువుగా స్పందించే చోటు) అర సెంటీమీటరు తప్పితే కండరం కదలకపోవడం మీ షీట్‌లో రావు.

కరెంటు_సారు
రావు. అందుకే మోటార్ పాయింట్ వెతకడం ల్యాబ్‌లో, కర్వు గీయడం ఇంట్లో. ఇన్నాళ్లూ ల్యాబ్‌లో గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నారు.

నడక_లెక్క
చార్మినార్ గారి అసలు ప్రశ్నకి వస్తాను. మీరు వీడియోలు పంపుతున్నారు, విద్యార్థి నుంచి వీడియో రావట్లేదు. తిప్పండి. ఇంట్లో ఎవరినో కూర్చోబెట్టి మోకాలు కొలుస్తూ 90 సెకన్ల వీడియో పంపమనండి. ల్యాండ్‌మార్కుల మీద స్టిక్కర్ బొట్టు పెట్టించండి: ట్రోకాంటర్, ఎపికాండైల్, మాలియోలస్. అదే క్లిప్‌ని కినోవియాలో (వీడియో మీద కోణాలు కొలిచే సాఫ్ట్‌వేర్) తెరిచి బొట్టు నుంచి బొట్టుకి కోణం గీస్తే, గోనియోమీటర్ రీడింగూ తెర మీది రీడింగూ పక్కపక్కన ఉంటాయి. విండోస్ మీద ఉచితమే.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కెమెరా కదలికకి నిటారుగా ఎదురుగా ఉండాలి. మనిషి కుర్చీలో తొడ అడ్డంగా పెట్టి కూర్చున్నాడనుకోండి. కెమెరా 30 డిగ్రీలు పక్కకి జరిగితే, అసలు 45 డిగ్రీలున్న ఫ్లెక్షన్ తెర మీద 49గా కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, అదే భంగిమలో 90 దగ్గర చూస్తే 90గానే వస్తుంది, పూర్తిగా చాపితే 0గానే వస్తుంది. పిల్లలు 90లో సరిచూసుకుని "కెమెరా కరెక్టే" అనుకుంటారు. సరిచూడాల్సింది మధ్యలో. ఫోన్ మోకాలి ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టి జూమ్ చేయాలి. దగ్గర నుంచి తీస్తే అంచులు సాగుతాయి.

సర్వర్_మామ
దానికి తోడు: వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది పిండేసి పంపుతుంది, బొట్లు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. ఇంకోటి, ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తుంటాయి. కోణం వరకు ఫర్వాలేదు. నడకలో సమయం కొలిస్తే లెక్క తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియోని మార్చే సాఫ్ట్‌వేర్) స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి తెరవండి.

నడక_లెక్క
అవును. సెకనుకి 30 ఫ్రేములకి ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు. మడమ తగిలిన క్షణం ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా అంత పోతుంది. నడకకి 60 పెట్టించండి.

బోయిన్‌పల్లి_ఓటీ
సెల్ఫీ కెమెరాతో తీసే వీడియోల సంగతి కూడా. కొన్ని ఫోన్లు అద్దంలో లాగా తిప్పి సేవ్ చేస్తాయి. కుడి భుజం కొలిచి పంపితే మనకి ఎడమలా కనిపిస్తుంది, మనం మార్కులు కోస్తాం, వాళ్లు గొడవ పెడతారు. మోడల్ కుడి చేతికి ఎర్ర దారం కట్టించి తీయమంటే సమస్యే లేదు.

చాయ్_బిస్కట్
ఎర్ర దారం, స్టిక్కర్ బొట్టు. ఇది ప్రాక్టికలా, నోమా?

పేరు_వద్దు
అందరూ బాగా చెబుతున్నారు, లెక్క ఎవరూ కట్టట్లేదు. 60 మంది, ఒక్కొక్కరిది 90 సెకన్లు, చూడటానికే గంటన్నర. దాని మీద వ్యాఖ్య రాస్తే మనిషికి మూడు నిమిషాలు, అంటే మూడు గంటలు. నెలకి నాలుగు స్కిల్స్ అయితే 12 గంటలు. ఇది ట్యూటర్ వర్క్‌లోడ్‌లో ఎక్కడా రాయరు. ఆన్‌లైన్ అంటే టీచర్ పని తగ్గుతుందని ఎవరన్నారో గాని వాళ్లు ఒక్క వీడియో దిద్ది ఉండరు.

నడక_లెక్క
@పేరు_వద్దు మీ లెక్క కరెక్టే. తగ్గించే దారి ఉంది. తప్పులకి నంబర్లివ్వండి. మోకాలికి దాదాపు ఎప్పుడూ ఇవే: 1 ఫల్క్రమ్ ముందుకి, 2 చేతులు తారుమారు, 3 తొడ లేస్తున్నా పట్టించుకోలేదు, 4 రీడింగ్ చూడటానికి గోనియోమీటర్ ఎత్తేశారు, 5 బయటి స్కేలు బదులు లోపలి స్కేలు చదివారు, 6 ప్యాంటు మీద కొలిచారు. వ్యాఖ్య బదులు "2, 5" అని వేస్తే చాలు. దానికి ముందు ప్రతి ఒక్కరూ ముగ్గురి వీడియోలు అదే నంబర్లతో దిద్దాలి. పక్కోడి తప్పు పట్టడం నేర్చాక తన తప్పు తగ్గుతుంది. టీచర్ చూడాల్సింది దిద్దినవాళ్లలో ఏకాభిప్రాయం లేనివే.

పేరు_వద్దు
పేషెంట్ వీడియోలు ఎక్కిస్తున్న కాలేజీలకి ఒక మాట కూడా. యూట్యూబ్‌లో "అన్‌లిస్టెడ్" అంటే ప్రైవేటు కాదు, లింకు దొరికిన ఎవరైనా చూస్తారు. ముఖం మసక చేసినంత మాత్రాన మనిషి దాగడు, గొంతు ఉంటుంది, పచ్చబొట్టు ఉంటుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, 18 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. సమ్మతి పత్రం పేషెంట్‌కి తెలిసిన భాషలో ఉండాలి, తెలుగో ఉర్దూనో. విద్యార్థుల విషయమూ అంతే. తుంటి, భుజం వీడియోలు ఇష్టం లేని అమ్మాయిలకి మణికట్టు, చీలమండ ఇవ్వండి. కొలత సూత్రం ఒకటే.

ఎండ్‌ఫీల్
మంచి మాట. ఇక ఫీల్ గురించి నేనే ఒకటి చెబుతాను, నన్ను బొత్తిగా పాతకాలం మనిషి అనుకోకండి. మొబిలైజేషన్ (చేత్తో కీలుని జరిపే చికిత్స) గ్రేడ్లకి బలం ఎంతో తెలియాలంటే బాత్‌రూమ్ వెయింగ్ మెషీన్ చాలు. డిజిటల్ వద్దు. అది ఒక అంకె దగ్గర ఆగిపోతుంది, ఊపుతున్నప్పుడు మారేది చూపించదు. ముల్లు తిరిగే పాత రకం కావాలి. టేబుల్ మీద పెట్టి, మీద రెండు అంగుళాల స్పాంజి వేసి, మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 90కి పెట్టి, ముల్లు 3 నుంచి 5 కిలోల మధ్యే ఆడేలా 30 సెకన్లు నొక్కాలి. మోచేతులు వంచి వేళ్లతో నొక్కితే పది సెకన్లకే ముల్లు ఎటంటే అటు పోతుంది. మోచేతులు చాపి ఒంటి బరువు వాలిస్తే నిలబడుతుంది. అది వీడియో తీసి పంపమనండి. ముల్లు అబద్ధం చెప్పదు. అయితే ఇది బలం లెక్క మాత్రమే, కీలు లోపల ఏముందో మనిషి మీద చెయ్యి వేస్తే తప్ప తెలియదు.

చార్మినార్_గోనియో
@ఎండ్‌ఫీల్ ఇది రేపే పెడుతున్నా మేడమ్.

బోయిన్‌పల్లి_ఓటీ
ఓటీ వైపు ఎవరూ రాయలేదు కాబట్టి నేనే. స్ప్లింట్ (చేతికి ఆసరాగా కట్టేది) తయారీని వీడియోతో ముగించొద్దు. థర్మోప్లాస్టిక్ (వేడికి మెత్తబడే ప్లాస్టిక్) షీట్‌ని వేడి నీళ్లలోంచి ఒక అంచు పట్టి ఎత్తితే బరువుకి సాగిపోతుంది, అది చేతిలో జరిగితేనే తెలుస్తుంది. కానీ ప్యాటర్న్ మొత్తం ఇంట్లో నేర్చుకోవచ్చు. చెయ్యి కాగితం మీద పెట్టి గీయడం, ఎంసీపీలు (వేళ్ల మొదటి కీళ్లు), మణికట్టు గుర్తించడం, ముంజేతిలో మూడింట రెండు వంతుల పొడవు తీయడం. ఆ ప్యాటర్న్‌ని పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద కత్తిరించి చేతికి చుట్టి చూడాలి. కాక్-అప్ స్ప్లింట్‌లో (మణికట్టుని ఎత్తి ఉంచేది) అరచేతి గీత దాటి పొడవు ఉంచితే వేళ్లు మడవలేరు. ఆ తప్పు ఫిల్మ్‌లోనే బయటపడుతుంది, ఖరీదైన థర్మోప్లాస్టిక్ షీటు మిగులుతుంది.

యాక్టివిటీ అనాలిసిస్ అయితే ల్యాబ్ కంటే ఇల్లే నయం. బయటి దేశాల వీడియోల్లో తిండి అంటే ఫోర్కు, స్పూను. సీ6 క్వాడ్రిప్లీజియాకి (మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడటం) యూనివర్సల్ కఫ్‌లో (అరచేతికి కట్టే పట్టీ) స్పూను పెట్టి చూపిస్తారు. మన పేషెంట్ అడిగేది పప్పన్నం చేత్తో తినడం. ముద్ద కలపడానికి వేళ్లు కలిసి వంగాలి, నోట్లోకి తోయడానికి బొటనవేలు వెనక నుంచి జరగాలి, ముంజెయ్యి పైకి తిరగాలి. టెనోడిసిస్‌లో మణికట్టు ఎత్తితే వేళ్లు ముడుచుకుంటాయి, కానీ బొటనవేలు తోయదు. కాబట్టి ముద్ద గట్టిగా ఉండాలి, కంచానికి అంచు ఉండాలి. ముగ్గు తీసుకోండి. పిండి సన్నగా రాలాలంటే బొటనవేలు చూపుడువేలు మీద రుద్దుతూ ఉండాలి, అదే సమయంలో నడుం వంచో గొంతుక్కూర్చునో జరగాలి. ఇంట్లో అమ్మ వేస్తుంటే రెండు నిమిషాలు తీసి, ఏ క్షణంలో ఏ గ్రిప్పో టైమ్ వేసి రాయమనండి. ఇలాంటి అసైన్‌మెంట్ ఏ విదేశీ కోర్సులోనూ కొనలేం.

మూడో_ఏడు
అనాటమీకి ఏదన్న ఫ్రీగ ఉంటే చెప్పుండ్రి. సబ్‌స్క్రిప్షన్లు మాతోని కావు.

సర్వర్_మామ
జెడ్-అనాటమీ, ఓపెన్ సోర్స్. పొరలు తీసుకుంటూ పోవచ్చు. రీసెర్చ్ పేపర్లకి పెడ్రో డేటాబేస్ ఉచితం. ట్రయల్ నాణ్యతకి వాళ్లే 10కి మార్కులు వేసి పెట్టుంటారు. స్కేలులో ఐటమ్‌లు 11 ఉంటాయి, మొదటిది లెక్కలోకి రాదు. వైవాలో ఇది అడుగుతారు.

చాయ్_బిస్కట్
మరి ఇదంతా ఇంత బాగుంటే డిగ్రీ మొత్తం ఆన్‌లైన్‌లో ఇచ్చేయొచ్చుగా, ఫీజు కూడా తగ్గుద్ది.

పేరు_వద్దు
@చాయ్_బిస్కట్ ఎవరైనా అలా అమ్మజూపితే డబ్బు కట్టొద్దు. 2021 చట్టంతో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ పరిధిలోని కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపేసింది. ఓటీకి ప్రపంచ సమాఖ్య కనీస ప్రమాణాల్లో ఫీల్డ్‌వర్కే 1000 గంటలు.

చార్మినార్_గోనియో
సరే. పాత 22 వీడియోలూ దాచేశా. మోకాలితో మొదలు: నాలుగు నిమిషాలవి రెండు, మ్యూట్ క్లిప్‌కి వాయిస్ నోట్, నడక_లెక్క గారి ఆరు తప్పుల నంబర్లు. ల్యాబ్ గంటలు తిరిగివ్వమని కూడా అడిగాను, ఇంకా జవాబు లేదు. ఒక్క సందేహం, ట్రోకాంటర్ బొట్టు బట్ట మీద పెడితే జరిగిపోదా?

నడక_లెక్క
జరుగుతుంది. కూర్చుంటే లెగ్గింగ్ సాగి బొట్టు వెనక్కి పోతుంది, కోణం మారిపోతుంది. కొలిచే భంగిమలో కూర్చోబెట్టాక తడిమి, అప్పుడు పెట్టించండి. నిలబెట్టి పెట్టి తర్వాత కూర్చోబెట్టొద్దు.

చాయ్_బిస్కట్
రంగు కూడా చెప్పండి సార్. నల్ల లెగ్గింగ్ మీద నల్ల బొట్టు పెట్టి "కనిపించట్లేదా సార్" అనేవాళ్లు కనీసం పదిమంది ఉంటారు.